బైజాంటైన్ బంగారు నాణేలను వన్నె వెంబడి సేకరించడం ఎలా

బంగారం కొట్లో గాజులు బేరం చేసే తెలుగు ఇల్లాలు మొదట అడిగే ప్రశ్న “ఇది 22 క్యారెట్లేనా?” అన్నదే. మేలిమి బంగారాన్ని 24 పాళ్లుగా లెక్కించే ఆ పద్ధతి ఒక నాణెం నుంచి వచ్చింది. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి 4వ శతాబ్ది ఆరంభంలో సోలిడస్ అనే బంగారు నాణేన్ని ప్రవేశపెట్టి, ఒక రోమన్ పౌను బంగారానికి 72 నాణేలు కొట్టాలని నిర్ణయించాడు. లెక్క ప్రకారం ఒక్కొక్కటి సుమారు 4.5 గ్రాములు తూగుతుంది. ఆ బరువును 24 భాగాలు చేసి ఒక్కో భాగాన్ని గ్రీకులో కెరాటియన్ అన్నారు. కెరాటియన్ అంటే కారబ్ చెట్టు గింజ. మన కంసాలి త్రాసులో గురివింద గింజ చేసిన పనినే మధ్యధరా తీరంలో ఆ గింజ చేసింది. కాలక్రమంలో ఆ మాటే క్యారెట్ అయింది.

కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) రాజధానిగా 1453 వరకు నిలిచిన ఆ రాజ్యాన్ని మనం బైజాంటైన్ అంటున్నాం గాని, అక్కడి ప్రజలు చివరి రోజు దాకా తమను రోమన్లనే చెప్పుకున్నారు. ఆ రాజ్యపు బంగారు నాణేలను సేకరించాలనుకునే వారికి నా సలహా ఒక్కటే. చక్రవర్తుల పట్టిక ముందు పెట్టుకుని ఒక్కొక్కరి నాణెం కొంటూ పోవద్దు. దాదాపు 90 మంది పాలకుల ఆ పట్టికలో కొన్ని పేర్లు ఎంత ధనవంతుడికైనా అందవు, అందినవాటిలో సగం ఒకే రకంగా కనిపిస్తాయి. దానికి బదులు బంగారం వన్నె ఎప్పుడు నిలిచింది, ఎప్పుడు పడిపోయింది, ఎప్పుడు తిరిగి లేచింది అన్న దారిని పట్టుకుని ఆరేడు నాణేలు సంపాదిస్తే, వాటిని వరుసగా పేర్చినప్పుడు వెయ్యేళ్ల చరిత్ర రంగుల రూపంలో కంటికి కనిపిస్తుంది.

ముందుగా తెలుసుకోవలసిన చరిత్ర

సోలిడస్‌ను గ్రీకులో నోమిస్మా అన్నారు. దాదాపు 700 ఏళ్లపాటు రాజధాని టంకశాల దాని బరువును, వన్నెను చెప్పుకోదగినంతగా తగ్గించలేదు. యుద్ధాలు ఓడిపోయినప్పుడు, రాష్ట్రాలు పోయినప్పుడు, చక్రవర్తులను వారి సేనానులే చంపినప్పుడు కూడా ఆ మాట తప్పలేదు. 518లో అనస్తాసియస్ చక్రవర్తి చనిపోయేనాటికి ఖజానాలో 3,20,000 పౌన్ల బంగారం మిగిలి ఉందని చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు. పౌనుకు 72 చొప్పున అది 2 కోట్ల 30 లక్షల సోలిడస్‌లకు సమానం. 6వ శతాబ్దపు వర్తకుడు కాస్మస్ సింహళ ద్వీపంలో జరిగిందని ఒక సంఘటన చెబుతాడు. అక్కడి రాజు ఎదుట ఒక పారసీక వర్తకుడు, సోపత్రస్ అనే రోమన్ వర్తకుడు తమ రాజుల్లో ఎవరు గొప్పవారని వాదించుకోగా, సోపత్రస్ రెండు నాణేలను పక్కపక్కన పెట్టి చూడమన్నాడట. పారసీకుడిది వెండి నాణెం, ఇతనిది బంగారు నోమిస్మా, రాజు తీర్పు బంగారం వైపే.

ఆ నాణేలు మన దక్షిణాదికీ వచ్చాయి. కర్ణాటకలోని అక్కి ఆలూరులో దొరికిన నిధిలో 5, 6 శతాబ్దాల సోలిడస్‌లు ఉన్నాయి. దక్షిణ భారతదేశంలో దొరికిన ఇలాంటి నాణేలలో చాలావాటికి చక్రవర్తి తలకు పైన రెండు చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. కాసులపేరు ఎరిగిన మనకు వాటిని దారానికి గుచ్చడానికి లేదా బట్టకు కుట్టడానికి పొడిచారని ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. యూరప్ కేటలాగులు ఆ రంధ్రాలను లోపంగా రాస్తాయి, ధర కూడా తగ్గుతుంది. నా దృష్టిలో మాత్రం ఆ జంట రంధ్రాలే ఆ నాణెం మన నేలను తాకిందనడానికి బలమైన ఆనవాలు.

7వ శతాబ్ది చివర జరిగిన ఒక మార్పును సేకరించేవారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. రెండవ జస్టీనియన్ తన మొదటి పాలనలో, అంటే 685–695 మధ్య, నాణెం బొమ్మ వైపున క్రీస్తు ముఖాన్ని ముద్రించి, తన రూపాన్ని బొరుసు వైపుకు మార్చి, తనను తాను క్రీస్తు సేవకుడిగా పేర్కొన్నాడు. అంతకుముందు చక్రవర్తి ముఖానికి దక్కిన చోటు అది. అదే దశాబ్దంలో, 696–97లో, డమాస్కస్ ఖలీఫా అబ్ద్ అల్ మలిక్ బొమ్మ అనేదే లేకుండా అక్షరాలతో మాత్రమే బంగారు దీనారాన్ని వెలువరించాడు. రోమన్ల దెనారియస్ నుంచి వచ్చిన ఆ దీనార శబ్దం సంస్కృతం ద్వారా మన భాషలోకీ వచ్చి, శ్రీనాథుడి కనకాభిషేకం దాకా నిలిచింది. 695లో తిరుగుబాటుదారులు జస్టీనియన్ ముక్కు కోసి వెళ్లగొట్టగా, అతడు 705లో తిరిగి సింహాసనం ఎక్కి ఈసారి ఉంగరాల జుట్టుతో, పొట్టి గడ్డంతో ఉన్న మరో క్రీస్తు ముఖాన్ని ముద్రించాడు. ఆ తరువాత నాణేల మీద కనిపించకుండా పోయిన క్రీస్తు రూపం, పవిత్ర చిత్రాలను పూజించవచ్చా కూడదా అన్న విగ్రహారాధన వివాదం 843లో ముగిసి మూడవ మైకేల్ పాలనలో గాని తిరిగి రాలేదు.

పడిపోయిన వన్నె

ఈ సేకరణకు గుండెకాయ లాంటి కాలం 1034 నుంచి 1092 వరకు సాగిన 58 ఏళ్లు. దానికి ముందు చిన్న ఉపోద్ఘాతం ఉంది. 963–969 మధ్య ఏలిన రెండవ నికెఫోరస్ ఫోకస్, హిస్టమెనాన్ అని పేరుబడిన పూర్తి బరువు నోమిస్మాకు తోడుగా టెటార్టెరాన్ అనే తేలికపాటి బంగారు నాణేన్ని తెచ్చాడు. పన్నులు బరువు నాణెంలో వసూలు చేసి, చెల్లింపులు తేలిక నాణెంలో చేశాడని తరువాతి చరిత్రకారుడు జొనారస్ అతడిపై నేరం మోపాడు. మొదట్లో రెండూ చూపుకు ఒకేలా ఉండేవి. తరువాత హిస్టమెనాన్‌ను వెడల్పుగా, పలుచగా, టెటార్టెరాన్‌ను చిన్నదిగా, మందంగా కొట్టడంతో తేడా కంటికి తెలిసింది.

నాలుగవ మైకేల్ 1034లో గద్దెనెక్కిన తరువాత బంగారంలో వెండి కలపడం మొదలైంది. 1042–1055 మధ్య ఏలిన తొమ్మిదవ కాన్‌స్టాంటైన్ మొనొమాకస్ కాలం ముగిసేసరికి నాణెం 18 క్యారెట్లకు దిగింది. పలుచని పళ్లేన్ని కొద్దిగా గిన్నెలా వంచి కొట్టే పద్ధతి కూడా ఈ శతాబ్ది మధ్యలోనే స్థిరపడింది. 1071లో మాంజికెర్ట్ యుద్ధంలో చక్రవర్తి రొమానస్ డయోజినిస్ సెల్జూక్ తురుష్కులకు బందీగా చిక్కాడు. అతడి వెనుక వచ్చిన ఏడవ మైకేల్ డూకస్‌కు ప్రజలు పరాపినాకిస్ అని పేరు పెట్టారు. ఒక నోమిస్మాకు రావలసిన గోధుమల కొలతలో పావు వంతు తగ్గిందని దాని అర్థం. తిండిగింజల కొలత కూడా తగ్గిందని మార్కెట్లో నిలబడి తెలుసుకున్న జనం రాజుకు ఇచ్చిన బిరుదు అది. అతడి కాలంలో వన్నె 16 నుంచి 10 క్యారెట్ల దాకా జారింది, మూడవ నికెఫోరస్ కాలంలో 8కి వచ్చింది, 1081లో రాజ్యానికి వచ్చిన అలెక్సియస్ కొమ్నెనస్ తొలి సంవత్సరాలలో బంగారం పేరుకు మాత్రమే మిగిలింది.

ఆ అలెక్సియస్సే 1092లో దాన్ని చక్కదిద్దాడు. సుమారు 20.5 క్యారెట్ల వన్నెతో, పాత బరువుతో కొత్త నాణెం కొట్టించాడు. దాని పేరు హైపర్‌పైరాన్, నిప్పులో నిగ్గుతేలినదని అర్థం. 1204లో నాలుగవ క్రూసేడు సైన్యం రాజధానిని దోచుకున్న తరువాత నీకియాకు తరలిన రాజ్యంలోనూ ఆ నాణెం కొనసాగింది గాని, వన్నె మళ్లీ దిగడం మొదలైంది. 1261లో కాన్‌స్టాంటినోపుల్‌ను తిరిగి పొందిన ఎనిమిదవ మైకేల్, నగరపు కోట గోడల నడుమ చేతులెత్తి ప్రార్థించే మరియమ్మను నాణెం మీద ముద్రించాడు. ఆ గోడల బొమ్మ గల నాణెంలో బంగారం 15 క్యారెట్లే. రెండవ ఆండ్రొనికస్ పాలనలో అది 12కు, ఇంకా దిగువకు పోయింది. వెనిస్ నగరం 1284లో మొదలుపెట్టిన డ్యూకాట్ అనే మేలిమి బంగారు నాణెం అంతలో అంగడిని ఆక్రమించింది. 14వ శతాబ్ది మధ్యలో ఐదవ జాన్, ఆరవ జాన్ ఉమ్మడిగా ఏలిన కాలంతో బైజాంటైన్ బంగారు నాణేల ముద్రణ ఆగిపోయింది.

ఏ నాణేలతో మొదలుపెట్టాలి

తొలి నాణెంగా ఫోకస్ సోలిడస్‌ను గాని, హెరాక్లియస్ సోలిడస్‌ను గాని ఎంచుకోవడం మంచిది. ఫోకస్ 602–610 మధ్య ఏలిన క్రూరుడిగా పేరుబడ్డాడు గాని, అతడి నాణేలు విరివిగా మిగిలాయి కాబట్టి ధర అందుబాటులో ఉంటుంది, ఎదురుగా చూస్తున్న గడ్డపు ముఖం స్పష్టంగా ఉంటుంది. రెండవది 10వ శతాబ్దపు మేలిమి నాణెం కావాలి. ఏడవ కాన్‌స్టాంటైన్ తన కుమారుడితో కలిసి ఉన్నది, లేదా రెండవ బాసిల్ తన తమ్ముడితో కలిసి శిలువ పట్టుకున్నది దొరుకుతుంది. మూడవది మొనొమాకస్‌ది, నాలుగవది ఏడవ మైకేల్‌ది, ఐదవది 1092 తరువాతి హైపర్‌పైరాన్. ఐదవదానికి అలెక్సియస్ కొడుకు రెండవ జాన్ నాణెం అయినా, మనుమడు మాన్యుయెల్ నాణెం అయినా సరిపోతుంది. ఆరవది ఎనిమిదవ మైకేల్‌ది గాని రెండవ ఆండ్రొనికస్‌ది గాని కావచ్చు.

ఈ ఆరింటినీ నల్లని గుడ్డ మీద, కిటికీ వెలుగులో పేర్చి చూడండి. మొదటి రెండూ పసుపుకొమ్ము రంగులో నిండుగా ఉంటాయి, మూడవది కొంచెం వెలవెలబోతుంది, నాలుగవది వెండి కలిసిన పాలిపోయిన ఛాయలో ఉంటుంది, ఐదవదానికి రంగు తిరిగి వస్తుంది, ఆరవది మళ్లీ మాసిపోతుంది. ఏ పుస్తకమూ ఇంత సూటిగా ఆ కథ చెప్పలేదని నా నమ్మకం.

ఇంకా ముందుకు పోదలచినవారికి వేరే దారులున్నాయి. 1057లో గద్దెనెక్కిన మొదటి ఐజాక్ కొమ్నెనస్ ఒర నుంచి దూసిన కత్తితో నాణెం మీద నిలబడ్డాడు. విజయం దేవుడిది కాదు, తన కత్తిదని చాటుకుంటున్నాడని ఆనాడే అతడిని తప్పుపట్టారు. 797–802 మధ్య ఒంటరిగా ఏలిన ఐరీన్ రాణి నాణెం రెండు వైపులా తన ముఖాన్నే వేయించింది. ఇలాంటివి ఖరీదైనవి, నకిలీలు కూడా వీటికే ఎక్కువ పుడతాయి. కాబట్టి చేయి తిరిగాక వాటి జోలికి పోవడం క్షేమం.

చేతిలోకి తీసుకున్నాక చూడవలసినవి

మొదట బరువు చూడాలి. రాజధానిలో కొట్టిన మంచి నాణెం 4.3 నుంచి 4.5 గ్రాముల మధ్య తూగుతుంది. అంతకంటే బాగా తగ్గితే అంచును కత్తిరించారని గాని, 6, 7 శతాబ్దాలలో ప్రత్యేక గుర్తులతో కావాలనే తేలికగా కొట్టిన 20, 22, 23 కెరాటియన్ల రకమని గాని అనుకోవాలి. కార్తేజ్ టంకశాల సోలిడస్‌లు చిన్నగా, గోళీని నొక్కినట్లు మందంగా ఉంటాయి. ఆ ఆకారం చూసి నకిలీ అనుకుని వదులుకోవద్దు.

రెండవ పరీక్ష నీటి తూకం. మిల్లీగ్రాము వరకు చూపే త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి, త్రాసును సున్నాకు తెచ్చి, నాణేన్ని సన్నని దారంతో గ్లాసు అడుగుకు, గోడలకు తగలకుండా నీటిలో పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి. అప్పుడు త్రాసు చూపే అంకెతో నాణెం మామూలు బరువును భాగిస్తే సాంద్రత వస్తుంది. 4.38 గ్రాముల మేలిమి నాణేనికి త్రాసు సుమారు 0.23 చూపుతుంది, సాంద్రత 19 దాకా వస్తుంది. అదే బరువున్న 18 క్యారెట్ల నాణేనికి 0.27 లేదా 0.28, 10 క్యారెట్లదానికి 0.34 దగ్గర చూపుతుంది. 0.01 గ్రాము తప్పు పోయినా ఫలితం మారిపోతుంది కాబట్టి వంటింటి త్రాసు పనికిరాదు. గిన్నె ఆకారపు నాణేల లోతట్టులో గాలి బుడగ చిక్కుకుంటుంది. నీటిలో ఒక్క చుక్క సబ్బు ద్రవం కలిపి, నాణేన్ని పక్కకు వాల్చి ముంచితే ఆ బుడగ వదిలిపోతుంది. మేలిమి ఉండవలసిన చోట తక్కువ వన్నె, మొనొమాకస్ లేదా మైకేల్ నాణెంలో మేలిమి కనిపిస్తే రెండూ అనుమానించదగినవే. అయితే అసలు బంగారంతోనే కొత్త అచ్చులు చెక్కి కొట్టిన నకిలీలు ఈ పరీక్ష దాటిపోతాయని మరువకూడదు.

గీటురాయి మీద గీయనివ్వకండి. కంసాలి ఎంత నమ్మకస్తుడైనా, ఆ ఒక్క గీతతో నాణెం అంచు శాశ్వతంగా దెబ్బతింటుంది. హాల్‌మార్క్ కేంద్రాలలో ఎక్స్ కిరణాలతో వన్నె చూసే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం గీత పెట్టదు గాని, అది పైపొరను మాత్రమే చదువుతుంది. వెండి కలిసిన నాణేలలో శతాబ్దాల కాలంలో పైపొరనుంచి వెండి కొంత కరిగిపోయి, వన్నె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు.

మూడవది పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం. అచ్చుతో కొట్టిన నాణెం అక్షరాల మొదళ్ల దగ్గర లోహం బయటికి ప్రవహించినట్లు సన్నని గీతలుంటాయి, ఖాళీ స్థలం నిగనిగలాడుతుంది. పోత నాణెంలో అక్షరాల అంచులు మొద్దుబారి, చిన్న చిన్న బుడగల గుంటలు కనిపిస్తాయి, అంచు చుట్టూ ఆకురాయి పెట్టిన జాడ ఉండవచ్చు. నాణేన్ని పై నుంచి కిందికి తిప్పి చూస్తే కాన్‌స్టాంటినోపుల్ బంగారంలో ఎక్కువ వాటికి రెండు వైపుల బొమ్మలూ నిటారుగా కనిపిస్తాయి. అలా కాకుంటే మరింత జాగ్రత్తగా చూడాలి. ఒకప్పుడు పతకంగా ధరించిన నాణెం అయితే 12 గంటల స్థానంలో అతికిన జాడ గాని, పూడ్చిన రంధ్రం గాని ఉంటుంది. నేను కొన్న రెండవ నాణెం మాన్యుయెల్ హైపర్‌పైరాన్. ఫొటోలో ఒక పక్క నుంచి పడిన వెలుగు క్రీస్తు తల పక్కనున్న ఆ పూడికను పూర్తిగా కప్పేసింది. ఇంటికి వచ్చాక దీపం కింద ఏటవాలుగా తిప్పినప్పుడు గుండ్రని మచ్చగా బయటపడింది. అప్పటి నుంచి రెండు వైపుల నుంచి వెలుగు పడిన ఫొటోలు, వీలైతే తిప్పుతూ తీసిన వీడియో లేకుండా నేను కొనడం లేదు.

అక్షరాలు చదవడం భయపడవలసినంత కష్టం కాదు. తొలి శతాబ్దాల సోలిడస్ బొరుసు వైపు అడుగున కోనోబ్ అన్న ఐదు అక్షరాలుంటాయి. కోన్ అంటే కాన్‌స్టాంటినోపుల్, ఒబ్ అంటే శుద్ధి చేసిన బంగారం, గ్రీకు అంకెలలో అవే రెండు అక్షరాలు 72ను కూడా సూచిస్తాయి. అయితే ఇతర నగరాల టంకశాలలు కూడా కోనోబ్ అనే వేశాయి కాబట్టి ఆ మాట ఒక్కటే చూసి ఊరు తేల్చకూడదు. బొరుసు వైపు వాక్యం చివర ఉండే ఒంటి గ్రీకు అక్షరం రాజధాని టంకశాలలోని పది శాఖలలో ఏది కొట్టిందో చెబుతుంది. 7వ శతాబ్దం తరువాత లాటిన్ క్రమంగా గ్రీకుకు చోటిస్తుంది.

కొనడం, కాగితాలు

వేలం సంస్థల కేటలాగులలో ప్రతి నాణెం పక్కన సియర్ సంఖ్య, డంబార్టన్ ఓక్స్ సంఖ్య ఉంటాయి. ఇవి బైజాంటైన్ నాణేల ప్రామాణిక గ్రంథాలలో ఆ రకానికి ఇచ్చిన సంఖ్యలు. ఆ సంఖ్యను పట్టుకుని వాషింగ్టన్‌లోని డంబార్టన్ ఓక్స్ సంస్థ ఇంటర్నెట్‌లో పెట్టిన నాణేల చిత్రాలతో మీరు కొనబోయేదాన్ని అక్షరం అక్షరం పోల్చండి. వేలంలో పలికిన ధర మీద సుమారు 20 శాతం కొనుగోలు కమీషన్, ఆపై రవాణా, కస్టమ్స్ పడతాయని ముందే లెక్క వేసుకోవాలి. నకిలీ అని తేలితే ఎంతకాలం తరువాతైనా డబ్బు తిరిగి ఇస్తామని రాతపూర్వకంగా హామీ ఇచ్చే చోటే కొనాలి.

నాణెం ఎక్కడి నుంచి వచ్చిందన్న కాగితం లేనిదే కొనవద్దు. తుర్కియేలో పురావస్తువులను దేశం దాటించడం తీవ్రమైన నేరం, ఇస్తాంబుల్ వీధిలో ఎవరైనా పాత నాణెం చూపితే తాకకుండా నడిచిపోవడమే మేలు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు అక్కడి ప్రభుత్వానికి సైప్రస్, బల్గేరియా, తుర్కియేలతో కుదిరిన ఒప్పందాల వల్ల కొన్ని పురాతన నాణేల దిగుమతికి పత్రాలు అవసరమని తెలుసుకోవాలి. భారతదేశంలో 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు, దాన్ని వ్యక్తులు విదేశాలకు పంపడం నిషిద్ధం. అంటే ఇక్కడికి తెప్పించుకున్న సోలిడస్‌ను తరువాత లండన్ వేలానికి పంపి అమ్ముదామనుకోవడం కుదరదు. ఇక పొలం దున్నుతుంటే నాణేలు బయటపడినప్పుడు 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. కరిగించడానికి బంగారం కొట్టు చేరిన ప్రతి నాణేల కుండతో మన సముద్ర వర్తక చరిత్రలో ఒక పుట శాశ్వతంగా చిరిగిపోతుంది.

భద్రపరచడం

బంగారం తుప్పు పట్టదు గాని మెత్తనిది. నగలకు చేసినట్లు కుంకుడుకాయ రసంలో నానబెట్టి బ్రష్‌తో తోమితే ఉపరితలం మీద సన్నని గీతలు పడి, విలువలో పెద్ద భాగం ఆ పూటే పోతుంది. మట్టి ఉంటే శుద్ధమైన నీటిలో ముంచి తీసి, అద్దకుండా ఆరనివ్వడం చాలు. ఎప్పుడూ అంచులను పట్టుకుని, మెత్తని గుడ్డ పరిచిన బల్ల మీదనే చూడండి. వంపు తిరిగిన హైపర్‌పైరాన్‌ను బిగుతు అట్టముక్కల మధ్య పెడితే పగుళ్లు వస్తాయి, దానికి లోతైన గుంట ఉన్న చెక్క పెట్టె కావాలి.

ప్రతి నాణేనికి ఒక చిన్న కార్డు రాసి పెట్టాలి. నా మొనొమాకస్ కార్డులో పాలకుడి పేరు, 1042–1055, హిస్టమెనాన్, కాన్‌స్టాంటినోపుల్, బరువు, వ్యాసం, నీటి తూకంలో వచ్చిన అంకె, ఆ పరీక్ష చేసిన తేదీ, సియర్ సంఖ్య, కొన్న వేలం, అంతకుముందు ఎవరి సేకరణలో ఉందో తెలిసినంత మేరకు వివరం ఉన్నాయి. కార్డు వెనుక వైపు ఖాళీగా వదిలాను. నా తరువాత ఈ నాణేన్ని తీసుకునేవారు తమ పేరు, తాము వేసిన తూకం అక్కడ రాసుకోవచ్చు.